టెట్సువో: ఒళ్లు జలదరింపేనా, లోపల సినిమా ఉందా?

రీలుపెట్టె: షిన్యా సుకమోటో తీసిన ‘టెట్సువో: ది ఐరన్ మ్యాన్’ (1989) ఈమధ్యే చూశాను. గంటా ఏడు నిమిషాల జపాన్ సినిమా, బ్లాక్ అండ్ వైట్. ఒక ఆఫీసు ఉద్యోగి గడ్డం గీసుకుంటుంటే చెంప మీద ఇనుప ముల్లు తగులుతుంది. ఇక అక్కణ్నుంచి వాడి ఒళ్లంతా పైపులు, వైర్లు, తుక్కు మొలుచుకొస్తాయి. నాకు విపరీతంగా నచ్చింది. మా మిత్రుడొకాయన మాత్రం కథా కాకరకాయా ఏమీ లేదు, కడుపులో తిప్పడమే మిగిలిందని కొట్టిపారేశారు. మీరేమంటారు?

సెకండ్‌షో: మీ మిత్రుడి వైపే నేనూ. మొదట్లోనే ఒకడు తొడ కోసుకుని మరలున్న ఇనుప కడ్డీని లోపలికి దూర్చుకుంటాడు. గాయంలో పురుగులు కనిపించగానే అరుస్తూ రోడ్డు మీదికి పరిగెడతాడు. ఎందుకో మనకు చెప్పరు. కెనడా దర్శకుడు క్రోనెన్‌బర్గ్ తీసిన ‘ది ఫ్లై’లో మనిషి ఈగగా మారుతూ కుళ్లిపోతుంటే గుండె పిండేస్తుంది, ఎందుకంటే ముందు అతని మీద ఇష్టం కలిగించారు. ఇక్కడ హీరోకి పేరే లేదండీ, ఎవరి కోసం బాధపడాలి?

రీలుపెట్టె: కథ ఉందండీ, ముక్కలుముక్కలుగా ఉంది. ఆ పరిగెత్తినవాణ్ని కారుతో గుద్దింది ఈ ఉద్యోగే. ప్రియురాలితో కలిసి తీసుకెళ్లి చెట్లలో పడేసి వచ్చాడు. ఒంట్లో మొలిచే ఇనుమంతా ఆ దెబ్బతిన్నవాడి పగ. ఇది తెలిశాక మొదటి సీన్లు మళ్లీ చూడండి, ప్రతి షాటూ లెక్క ప్రకారమే పడిందని అర్థమవుతుంది.

తీసిన తీరు కూడా చూడండి. 16 ఎంఎం ఫిల్మ్, చేతిలో డబ్బు లేదు, పట్టుమని పదిమంది కూడా లేని యూనిట్. రచన, దర్శకత్వం, ఎడిటింగ్ సుకమోటోవే, తొడ కోసుకునేవాడి వేషం వేసిందీ ఆయనే. వీధుల్లో మనుషులు జారిపోతున్నట్టు దూసుకెళ్తారే, అదంతా నటుణ్ని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫ్రేమే తీయడం. దానికి తోడు చు ఇషికావా సంగీతం, ఇనుమును ఇనుముతో బాదుతున్నట్టు. ఆ మోతలో ఆ ఫ్రేములు కదులుతుంటే నా పళ్లు జివ్వుమన్నాయి. ఇంత పని చేయించే సినిమాను ఉత్త షాక్ అని ఎలా అంటాం?

వెన్నెలపాక: పనితనం దగ్గర నాకు పేచీ లేదు. నా అభ్యంతరం ప్రియురాలి విషయంలో. ఆ ఉద్యోగి మర్మాంగం డ్రిల్లుగా మారాక ఆమె భయపడుతుంది, పోరాడుతుంది, చివరికి ఆ డ్రిల్లుకే బలవుతుంది. ఆ తర్వాత సినిమాకు ఆమె గోడు పట్టదు. ఇద్దరు మగాళ్లు కొట్టుకుని, కలిసిపోయి ఒకే ఇనుప ముద్దై లోకం మీద పడతారు. ఆమె చావు వాళ్ల కథకు మెట్టు అయింది, అంతే.

రీలుపెట్టె: ఆ పాత్ర వేసిన కెయ్ ఫుజివారా కెమెరా పనిలోనూ ఉన్నారు. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

వెన్నెలపాక: తీసుకున్నానండీ. ఆవిడ కెమెరా పట్టినంత మాత్రాన ఆ పాత్రకు న్యాయం జరిగినట్టు కాదు. సినిమా గొప్పదని మీతో పాటు నేనూ వాదిస్తాను. ఆ సీన్‌ని మాత్రం వెనకేసుకురాను.

సెకండ్‌షో: కారు సంగతి నేను పట్టుకోలేదు, ఆ కోణంలో మళ్లీ చూస్తాను. అయినా పగ ఉందని తెలిసినంత మాత్రాన వాడి మీద జాలి పుడుతుందని నాకు నమ్మకం లేదు.