హాంకాంగ్‌లో డిమ్‌సమ్: మా ఆవిడ ఏం తినాలి?

కావలి నుంచి: వచ్చే నెల హాంకాంగ్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆదివారం డిమ్‌సమ్‌కి, అంటే టీతో పాటు చిన్న చిన్న వంటకాలు వడ్డించే చైనా టిఫిన్‌కి తీసుకెళ్తాడట. మా ఆవిడ పంది మాంసం ముట్టదు. టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు నుంచి: అన్నా, హార్‌గావ్ చెప్పండి. పల్చటి పిండి పొరలో రొయ్య, ఆవిరి మీద ఉడికిస్తారు. మన నోటికి చప్పనే. నేనైతే ఆవకాయ పొట్లం జేబులో పెట్టుకెళ్లా! షూమై అని ఇంకో రకం ఆవిరి కుడుము ఉంటుంది, దాని జోలికి పోవద్దు, అందులో మామూలుగా పంది మాంసం ఉంటుంది.

ఒంగోలు నుంచి: హార్‌గావ్‌లోనూ కొన్నిచోట్ల పంది కొవ్వు కలుపుతారు, అడిగి తినండి. రద్దీగా ఉంటే తెలియనివాళ్ల టేబుల్ దగ్గరే కూర్చోబెడతారు, మన టిఫిన్ హోటల్లో లాగే. టీ కూజా మూత పక్కకి జరిపి పెడితే వేడినీళ్లు పోస్తారు.

కావలి నుంచి: ఆవకాయ మాట చెప్పానో లేదో, మా ఆవిడ రెండు పొట్లాలు కట్టేసింది.