పేద కుటుంబానికి నేరుగా డబ్బే ఇస్తే ఏమవుతుంది? నెలనెలా ఇవ్వాలా, ఒకేసారా?

నీలిగీత:

మేం కొందరం స్నేహితులం ఏటా తలా కొంత వేసుకుని సాయం చేస్తుంటాం. ఇన్నాళ్లూ దుప్పట్లు, నోటు పుస్తకాలు, సరుకులు కొనిచ్చాం. ఈసారి పల్లెల్లో కూలి మీద బతికే కొన్ని కుటుంబాలకు డబ్బే చేతికి ఇద్దామని నేనన్నాను. సగం మంది ఒప్పుకోవడం లేదు. తాగుడికి పోతుందని ఒకరు, పని మానేస్తారని ఇంకొకరు, ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తారని మరొకరు. వాళ్లవి దురుద్దేశాలు కావు, కాబట్టి సరైన జవాబు చెప్పాలని ఉంది.

ఇస్తే నెలనెలా కొంచెం కొంచెం ఇవ్వాలా, పెద్ద మొత్తం ఒకేసారా? భార్య చేతికా, భర్త చేతికా? బిల్లులు అడగాలా? ఈ పని దగ్గరగా చూసినవాళ్లూ, అలాంటి సాయం అందిన ఇంట్లో పెరిగినవాళ్లూ ఉంటే చెప్పండి.

చెట్టునీడ:

నేనైతే వద్దంటాను. తాగుతారని కాదు. ఊరికి డాక్టరు లేడు, బడిలో మాస్టారు లేడు, పంటకు నీళ్లు లేవు. అక్కడ ఓ ఇంటికి డబ్బిస్తే ఆ ఇంటి అవసరం కొన్నాళ్లు తీరుతుంది, అంతే. అదే డబ్బుతో పదిమందికీ పనికొచ్చేది ఒకటి కట్టించవచ్చు కదా?

ఇంటిలెక్కలు:

నీలిగీత గారూ, ఇంటింటికీ తిరిగి ఆదాయాలూ ఖర్చులూ రాసుకునే సర్వేల్లో చాలాకాలం పనిచేశాను. ప్రశ్నల కాగితంలో నేను ముందు తిప్పే పేజీ అప్పులది. ఎవరి దగ్గర, ఎంత, ఏ వడ్డీకి, ఏం తాకట్టు పెట్టి అనేవి ఉండేది అక్కడే. డబ్బు అందిన ఇంటికి మళ్లీ వెళ్లినప్పుడు మొదట మారి కనిపించేది కూడా ఆ పేజీయే.

బయటివాళ్లం ఏం కొన్నారని చూస్తాం. నేను చూసినంతలో అంతకన్నా పెద్ద మార్పు, ఆగగలగడం. చేతిలో పైసా లేనివాడు పంటను కళ్లంలోనే, ధర అట్టడుగున ఉన్నప్పుడే అమ్మేస్తాడు. అప్పిచ్చినవాడు ఎదురుగా నిలబడి ఉంటాడు మరి. జ్వరం వస్తే మూడో రోజుకి గానీ మందు కొనరు. కూలికి అడ్వాన్సు తీసుకుంటే కోతల రోజుల్లో బయట ఎక్కువ కూలి దొరుకుతున్నా అడ్వాన్సు ఇచ్చినవాడి చేలోకే, తక్కువకే పోవాలి. పేదరికంలో ప్రతిదీ తొందరలో, నష్టానికి జరిగిపోతుంది. కొంత డబ్బు చేతిలో ఉంటే "ఇప్పుడు అమ్మను, రెండు నెలలాగి అమ్ముతాను" అనే మాట నోట్లోంచి వస్తుంది. ఆ మాట విలువ ఏ బిల్లులోనూ పడదు. అందుకే బిల్లులు అడగకండి. అడిగితే, మీకు నచ్చే వస్తువు కొని చూపిస్తారు, అప్పు అలాగే ఉండిపోతుంది.

మీ స్నేహితుల అభ్యంతరాలకు వస్తాను. ఈ విషయంపై బాగా పరిశోధన జరిగిన చోటు కెన్యా. గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ అక్కడ గడ్డి కప్పు ఇళ్లలో ఉండే కుటుంబాలకు ఎంపెసా అనే మొబైల్ చెల్లింపుల సేవ ద్వారా ఫోన్‌లోకే డబ్బు పంపింది. రరియెడా ప్రాంతంలో 2011 నుంచి జరిగిన ప్రయోగంలో ఎవరికి ఇవ్వాలో, భార్యకా భర్తకా, ఒకేసారా నెలనెలా వాయిదాల్లోనా అన్నది కూడా లాటరీ వేసి తేల్చారు. హౌషోఫర్, షపీరో అనే పరిశోధకులు ఆ ఫలితాలను 2016లో ప్రచురించారు. మద్యం, పొగాకు ఖర్చు పెరగలేదు. తిండి, పశువులు, ఇంటి కప్పు మీద ఖర్చు పెరిగింది, మనసులో దిగులు తగ్గింది. చాలా దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఎవాన్స్, పొపోవా కూడా తాగుడి విషయంలో ఇదే చెప్పారు.

పని మానడం గురించి నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది: కూలికి వెళ్లే రోజులు కొన్ని తగ్గితే అది బద్ధకం అని ఎందుకు అనుకోవాలి? కెన్యాలోనే అదే సంస్థ మరో పథకం మొదలుపెట్టింది: కొన్ని ఊళ్లకు పన్నెండేళ్లపాటు నెలనెలా, కొన్నింటికి రెండేళ్లే నెలనెలా, కొన్నింటికి ఒకేసారి. ఈ పన్నెండేళ్ల పథకంలో, తొలి రెండేళ్ల లెక్కల ప్రకారం, జనం పని మానలేదు, పరుల దగ్గర కూలి కొంత తగ్గించుకుని సొంత పనుల్లోకి మారారు.

మూడో అభ్యంతరంలో మాత్రం నిజం ఉంది, దాచను. ఉగాండాలో 2008 ప్రాంతంలో యువత బృందాలకు పని నేర్చుకుని పనిముట్లు కొనుక్కునేందుకు డబ్బిచ్చారు. నాలుగేళ్లకు వాళ్ల సంపాదన మిగతావాళ్ల కన్నా మూడో వంతు పైనే ఎక్కువ ఉంది. తొమ్మిదేళ్లకు మిగతావాళ్లూ దాదాపు అందుకున్నారు. అంటే తేడా శాశ్వతం కాదు. కానీ ఆ మధ్య ఏళ్లు ఆ ఇంట్లో పిల్లలు పెరిగే ఏళ్లు. వాటిని లెక్కలోంచి తీసేయడానికి నాకు మనసొప్పదు.

నెలనెలానా ఒకేసారా అంటే, రెండూ చేసే పనులు వేరు. రరియెడాలో నెలనెలా అందినవాళ్లకు తిండికి భరోసా ఎక్కువ మెరుగుపడింది, ఒకేసారి అందినవాళ్లు రేకులు, వస్తువులు ఎక్కువ కొనుక్కున్నారు. పన్నెండేళ్ల పథకంలో నెలకు సుమారు 22 డాలర్లు అందుకుంటున్నవాళ్లు చీటీలు వేసుకుని, ఆ చిన్న మొత్తాలనే పెద్ద మొత్తం చేసుకున్నారు. రెండేళ్లే వస్తుందని తెలిసినవాళ్ల కన్నా పన్నెండేళ్లు వస్తుందని తెలిసినవాళ్లు, ఒకేసారి అందుకున్నవాళ్లు వ్యాపారాలు ఎక్కువగా పెట్టారు. రేపటి మీద నమ్మకం అంత పని చేస్తుంది.

ఇక భార్యా భర్తా: రరియెడాలో చాలా విషయాల్లో పెద్ద తేడా కనబడలేదు. అయినా నేనైతే ఆమె పేరుతోనే ఇస్తాను, ఆమెకంటూ సొంత ఖాతా మొదలవుతుంది కాబట్టి.

చెట్టునీడ గారూ, మీరన్నది కొట్టిపారేసేది కాదు. కెన్యాలోని సియాయా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అదే సంస్థ చేసిన ఇంకో ప్రయోగంలో 653 గ్రామాలను తీసుకుని, వాటిలో సుమారు సగం గ్రామాల్లో, పదివేలకు పైగా కుటుంబాలకు ఇంటికి సుమారు 1000 డాలర్లు ఇచ్చారు. అందుకున్న ఇళ్లలో పసిపిల్లల మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2025లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఎక్కడ ఎక్కువ తగ్గాయంటే, డాక్టరున్న ఆసుపత్రి దగ్గరలో ఉన్నచోట. నెలలు నిండే రోజుల్లో తల్లి పొలం పనికి పోకుండా ఆగగలిగింది, కాన్పుకు ఆసుపత్రికి వెళ్లగలిగింది. ఆసుపత్రీ కావాలి, అందులో అడుగు పెట్టడానికి డబ్బూ కావాలి. ఆసుపత్రి కట్టించడం మీ స్నేహబృందం వల్ల అయ్యేది కాదు, ఈ రెండోది అవుతుంది.

రేకులకప్పు:

నేను అలాంటి ఇంట్లో పెరిగాను. మా అమ్మకి ఓ పథకం కింద డబ్బు వచ్చినప్పుడు నాకు ఊహ తెలిసిన వయసే. అమ్మ ముందుగా తీర్చింది అక్క పేరు మీద తెచ్చిన అప్పు. పేరు మీద అంటే, తీర్చలేకపోతే అప్పిచ్చినవాళ్ల ఇంట్లో అక్క పనికి వెళ్లాలని మాట. ఆ మాట రద్దయింది. అక్క బడిలోనే ఉండిపోయింది.

తర్వాత రేకులు. రేకులంటే సోకు అనుకుంటారేమో. గడ్డి ఏటా మార్చాలి, గడ్డి కొనాలి, కప్పేవాళ్లకు కూలి ఇవ్వాలి, అయినా కారుతుంది. రేకులు వేశాక ఆ ఏటి ఖర్చు మిగిలింది, ఆ మిగిలినదే నా బట్టలూ పుస్తకాలూ. వాన రాత్రుళ్లు గింజల మూటను ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూ అమ్మ మేలుకుని కూర్చోవడం ఆగిపోయింది. నిద్ర పట్టిన మనిషి మర్నాడు పిల్లల మీద కసురుకోదు. మా ఇంట్లో అరుపులు తగ్గింది అప్పుడే, ఇది ఎవరి సర్వేలోనైనా ఉందో లేదో.

నాన్న అందులోంచి తన కోసం కొంత తీసుకున్నాడు. చెప్పులు కొనుక్కున్నాడు. అమ్మ ఏమీ అనలేదు, నేనూ అనను.

నీలిగీత:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. రేకులకప్పు గారూ, మీ మాటలు మా గుంపులో చదివి వినిపిస్తాను. ఇంకొక్కటి అడగాలి. ఊళ్లో అందరికీ ఇచ్చేంత మా దగ్గర లేదు. కొన్ని ఇళ్లకే ఇస్తే పక్కవాళ్లతో గొడవలు రావా? ధరలు పెరగవా?

ఇంటిలెక్కలు:

ధరల గురించి భయం వద్దు. సియాయాలో అంత డబ్బు దిగినా ధరలు సగటున 0.1 శాతమే పెరిగాయి. దుకాణాల్లో, పిండి మిల్లుల్లో బేరాలు లేక ఖాళీగా ఉన్న సమయం ఎంతో ఉంది, గిరాకీ పెరిగితే పని పెరిగింది. ఇచ్చిన ప్రతి డాలరుకూ ఆ ప్రాంతంలో సుమారు రెండున్నర డాలర్ల ఆర్థిక కార్యకలాపం జరిగింది. డబ్బు అందని ఇళ్లూ బాగుపడ్డాయి.

మనసులు వేరు. రరియెడాలో అదే ఊళ్లో సాయం అందనివాళ్లకు తమ బతుకు మీద తృప్తి కొన్నాళ్లు తగ్గింది. అందుకని ఎవరికిస్తారో ఆ కొలమానం అందరికీ కనిపించేదిగా పెట్టుకోండి. గడ్డి కప్పు ఇల్లు, భర్త లేని ఆడమనిషి ఇల్లు, ఇలా ఎవరైనా చూసి ఒప్పుకునేది. పెద్దమనుషుల సిఫారసు మీద జాబితా రాయకండి. కొలమానంలోకి వచ్చే ఇళ్లు మీ డబ్బుకు మించి ఉంటే అందరి ముందూ చీటీలు తీయండి. ఎంత ఇస్తారో, ఎన్నిసార్లో, ఏ తేదీనో, ఎప్పటితో ఆగుతుందో మొదటి రోజే చెప్పండి. ఆ తేదీకి ఒక్క రోజు ఆలస్యమైనా, దాన్ని నమ్ముకుని అప్పు గడువు పెట్టుకున్న ఇల్లు మళ్లీ చేబదులుకు పోతుంది. కాబట్టి ఏడాదికి సరిపడా డబ్బు మీ చేతిలో పడ్డాకే మొదటి విడత ఇవ్వండి.