గర్భసంచి ఆపరేషన్ అయి ఏడు వారాలు దాటినా కుట్టు మానడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (అమలాపురం దగ్గరి పల్లె నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 44 సంవత్సరాలు. గర్భసంచిలో గడ్డల వల్ల రెండేళ్ళుగా నెలసరిలో విపరీతంగా రక్తం పోయి, హిమోగ్లోబిన్ 7.5కు పడిపోవడంతో, రక్తం ఎక్కించిన తరువాత పొట్ట కోసి గర్భసంచిని తీసివేశారు. అండాశయాలను ఉంచామని చెప్పారు. నాకు ఐదేళ్ళుగా షుగరు ఉంది. పొత్తికడుపు మీది అడ్డకోత అంతా మానింది గానీ, కుడి చివర బఠాణీ గింజంత మేర ఎండినట్టే ఎండి, రెండు మూడు రోజులకు మళ్ళీ పచ్చని నీరు కారుతోంది. లోపలి నుంచి అప్పుడప్పుడు గోధుమరంగు మరక కూడా కనబడుతోంది.

పప్పు, గుడ్డు, చేప, వంకాయ తింటే చీము పడుతుందని మా అత్తగారు వాటిని దగ్గరకు రానివ్వడం లేదు. పాతబియ్యపు అన్నం, కారప్పొడి, మిరియాల చారుతోనే రోజులు గడుస్తున్నాయి. ఆవిడ నా మంచి కోరే చేస్తున్నారు కనుక ఎదురు చెప్పలేకపోతున్నాను. నాతోపాటు అదే వారంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న ఒకావిడ నెల తిరిగేసరికే ఇంటి పనులన్నీ చేసుకుంటున్నారు. ఆసుపత్రిలో అడిగితే ‘అదే మానుతుంది’ అని పంపించివేశారు. ఇది ఆలస్యం మాత్రమేనా, లేక లోపల ఏదైనా తేడా వచ్చిందా?

జవాబు (పదవీ విరమణ చేసిన స్టాఫ్ నర్సు, పాలకొల్లు)

అమ్మా, ముందుగా ఆ రెండో ఆవిడతో పోల్చుకోవడం మానండి. పొట్ట కోయకుండా కింది నుంచి గానీ, ల్యాప్రోస్కోపీతో గానీ గర్భసంచి తీసినవారు మూడు నాలుగు వారాల్లో తేరుకోవచ్చు. పొట్ట కోసినవారికి మామూలు పనులకు రావడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, చర్మం కింది పొరలకు పూర్వపు బలం రావడానికి నెలలే పడుతుంది.

అయితే మీ విషయంలో ‘అదే మానుతుంది’ అనే మాటతో నేను తృప్తి పడను. కోత అంతా మాని ఒక్క చోటనే పదేపదే తెరుచుకుంటోందంటే, అక్కడ కరగని దారపు ముడి ఒకటి మిగిలి ఉందేమోనని చూడాలి. వార్డులో ఇటువంటివి చాలా చూశాను. ఆ ముడిని తీసివేస్తే కొద్ది రోజుల్లోనే పుండు మూసుకుంటుంది, అది ఉన్నంతకాలం ఎన్ని మందులు వాడినా మూసుకోదు. ఇక గోధుమరంగు మరక సంగతి: గర్భసంచిని తీసిన చోట, యోని పైభాగంలో మరొక కుట్టు ఉంటుంది. ఆ దారాలు కరిగేటప్పుడు ఆరు వారాల వరకు మరక కనబడడం మామూలే. ఆపైన కూడా కొనసాగితే అక్కడ ఎర్రని కండ పెరిగిందేమో డాక్టరు గారు లోపల పరీక్ష చేసి చూడాలి. ఉంటే సిల్వర్ నైట్రేట్ అద్దుతారు. ఎక్కువ నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల పని.

దీనికి మించి, మీ ఒంట్లో పుండును మాననివ్వనివి రెండు ఉన్నాయి. షుగరు ఎక్కువగా ఉంటే తెల్లరక్తకణాలు సూక్ష్మక్రిములతో సరిగా పోరాడలేవు, రక్తం తక్కువగా ఉంటే పుండుకు చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. అందువల్ల పరగడుపు షుగరు, భోజనం తరువాతి షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్, వీలైతే థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, ఆ కాగితాలతో వెళ్ళండి. ఇనుము బిళ్ళలు వేసుకుంటూ ఉంటే వాటిని టీతో కలిపి వేసుకోకండి.

పథ్యం గురించి కాస్త గట్టిగానే చెబుతాను. పప్పు వల్ల గానీ గుడ్డు వల్ల గానీ చీము పట్టదు. కొత్త కండ పట్టడానికి కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. షుగరున్న మనిషికి అన్నం, చారు మాత్రమే పెట్టడమంటే షుగరును పెంచి కండను తగ్గించడమే. కొరమీను, గుడ్డు, పెసరపప్పు, పెరుగు, ఆకుకూరలు తినండి. అత్తగారిని కూడా డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళండి. కోడలు చెబితే వినని మాట అక్కడ వింటారు.

మన ప్రాంతపు ఉక్కపోతలో పొట్ట మడత కింద చెమట నిలిచి కోత చివరలు నానిపోతాయి. రోజూ సబ్బునీటితో మెల్లగా కడిగి, శుభ్రమైన నూలుబట్టతో అద్ది, పూర్తిగా ఆరనిచ్చిన తరువాతే కట్టు వేసుకోవాలి. పసుపు, పౌడరు, కొబ్బరినూనె ఆ పుండులో పెట్టవద్దు. నీరు కారుతున్నంతకాలం నడికట్టు బిగించకండి, కాలువలోనూ చెరువులోనూ దిగకండి. నిండు బిందె పది కిలోల పైమాటే కనుక ఎత్తవద్దు. మలబద్ధకం ఉంటే ముక్కకుండా విరేచనపు మందు అడిగి తీసుకోండి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, దుర్వాసనతో స్రావం వచ్చినా, గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా మరునాటి దాకా ఆగవద్దు. ఒక కాలి పిక్క మాత్రమే వాచినా, ఆయాసం వచ్చినా, కింది నుంచి ఉన్నట్టుండి నీరు గానీ పేగు వంటిది గానీ జారినట్టనిపించినా 108కి ఫోన్ చేయండి.

వ్యాఖ్య (భీమవరం వైపు నుంచి)

నర్సు గారు చెప్పినదానికి ఒకటి చేర్చుతాను. ఆపరేషన్ అయిన పన్నెండో రోజు నుంచి నాకు పగలూ రాత్రీ బట్ట తడుస్తూనే ఉండేది. తెల్లబట్ట అనుకుని, సిగ్గుతో నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. తీరా చూస్తే అది మూత్రం. మూత్రాశయానికీ యోనికీ మధ్య సన్నని రంధ్రం పడిందని నీలిరంగు మందు ఎక్కించి తేల్చారు. తొలిరోజుల్లోనే చెప్పి ఉంటే, రంధ్రం చిన్నదైతే, కొన్ని వారాలు మూత్రపు గొట్టం ఉంచితేనే మూసుకునే అవకాశం ఉండేదట. నాకు మూడు నెలలాగి రెండో ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. తడి ఆగకుండా ఉండి మూత్రపు వాసన వేస్తే, దయచేసి సిగ్గుపడకండి.

వ్యాఖ్య (రావులపాలెం)

మా వదినగారికి కూడా ఇలాగే అయితే మా ఊరి ఆర్.ఎం.పి. గారు ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గింది.

జవాబు (నర్సు)

తగ్గినందుకు సంతోషమే. కానీ ఏ క్రిమి ఉందో తెలియకుండా మార్చి మార్చి వాడితే, అసలైన మందు పనిచేయవలసిన రోజున పనిచేయదు. ముందు చీమును కల్చర్ పరీక్షకు పంపించాలి. ముఖ్యంగా ల్యాప్రోస్కోపీ చేయించుకున్నవారికి నెల రోజుల తరువాత రంధ్రాల దగ్గర గట్టి గడ్డ కట్టి నీరు కారుతూ ఉంటే, అది క్షయ జాతికి చెందిన క్రిమి కావచ్చు. మామూలు బిళ్ళలకు లొంగదు, నెలల తరబడి వేరే మందులు వాడాలి. ఆపరేషన్ చేసినచోట పట్టించుకోకపోతే రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్ళవచ్చు. డిశ్చార్జి కాగితం, తీసిన గర్భసంచి బయాప్సీ రిపోర్టు వెంట ఉండాలి. చాలామంది ఆ రిపోర్టు తెచ్చుకోనే తెచ్చుకోరు.

ప్రశ్న అడిగినవారు (పదిహేను రోజుల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. వేరే డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. పరగడుపు షుగరు 212 ఉంది. పుండు మానేదాకా ఇన్సులిన్ వేసుకోమన్నారు. కోత చివర నుంచి నీలిరంగు దారపు ముడి ఒకటి తీశారు. లోపల కొద్దిగా కండ పెరిగి ఉంటే మందు అద్దారు, మరక తగ్గింది. బయాప్సీ రిపోర్టు మేమూ తీసుకోలేదని అప్పుడే గుర్తొచ్చింది. తెప్పించి చూపించాము, క్యాన్సరు లేదన్నారు. డాక్టరు గారి మాట విన్నాక మా అత్తగారే కొరమీను తెప్పించి వండారు, వంకాయను మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. పుండు ఇప్పుడు నువ్వుగింజంత ఉంది. ఒక్క సందేహం మిగిలింది: అండాశయాలు ఉంచామన్నారు కదా, రాత్రిళ్ళు ఒంట్లో ఆవిర్లు ఎందుకు వస్తున్నాయి?

జవాబు (నర్సు)

వంకాయ కోసం పోట్లాడకండి, అది లేకపోయినా పుండు మానుతుంది. గర్భసంచిని తీసినప్పుడు అండాశయాలకు వెళ్ళే రక్తం కొంత తగ్గి, కొందరికి అవి కొన్నాళ్ళు మందగిస్తాయి, మరికొందరికి ముట్లుడిగే దశ కాస్త ముందుగా వస్తుంది. అయితే ఇన్సులిన్ కొత్తగా మొదలుపెట్టారు కనుక, అర్ధరాత్రి చెమటలు పట్టి వణుకు వస్తే ఆవిర్లని అనుకోవద్దు. వెంటనే షుగరు చూసుకోండి. 70కి తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీటిలో కలుపుకుని తాగి, పావుగంట తరువాత మళ్ళీ చూసుకుని, ఉదయమే డాక్టరు గారికి చెప్పండి.