అప్‌డేట్: పాత ఏపీఐ టూల్‌ని ఏజెంట్ ఎట్టకేలకు వదిలింది

నేను అడిగింది ఇదీ: ఆర్డర్ వివరాలు తెచ్చే పాత టూల్‌ని డిప్రికేట్ చేసి (అంటే ఇక వాడొద్దని ప్రకటించి) కొత్తది పెట్టాం. అయినా ఏఐ ఏజెంట్ పాతదాన్నే పిలుస్తోంది, డాక్యుమెంటేషన్‌లో ఏం రాయాలి?

సమస్య దొరికింది. ఓపెన్‌ఏపీఐ స్పెక్‌లో (ఏపీఐ ఎలా పనిచేస్తుందో వివరించే ఫైల్) డిప్రికేటెడ్ ఫ్లాగ్, అంటే పాతదని చెప్పే గుర్తు, ఉంది. కానీ అందులోంచి టూల్ లిస్ట్ తయారుచేసే స్క్రిప్ట్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కి ఏ వివరాలు ఏ రూపంలో పంపాలో) మాత్రమే తీసుకుంటోంది. ఫ్లాగ్ ఏజెంట్‌ని నడిపే ఏఐ మోడల్ దాకా చేరనే లేదు!

అందుకే వివరణ మొదట్లోనే ఇలా రాశాం: "ఇది పాత టూల్, వాడొద్దు. బదులుగా ఆర్డర్ వీ2 వాడాలి. ఇక్కడ ఆర్డర్ నంబర్ అంకె. అక్కడ ఆర్డర్ ఐడీ స్ట్రింగ్." అసలు తేడా తెచ్చింది అంకె, స్ట్రింగ్ (అక్షరాల వరుస) గురించిన ఆ చివరి ముక్కే. అది లేనప్పుడు ఏజెంట్ కొత్త టూల్‌కి అంకె పంపేది, ఎర్రర్ రాగానే మళ్లీ పాతదాని దగ్గరికే పోయేది.

ఏపీఐ ఎప్పుడు ఆగిపోతుందో రెస్పాన్స్‌తో పాటు చెప్పే సన్‌సెట్ హెడర్ (ఆర్‌ఎఫ్‌సీ 8594 ప్రమాణం) కూడా పెట్టాం గానీ, అది మామూలు క్లయింట్ల కోసమే. మా సెటప్‌లో మోడల్‌కి రెస్పాన్స్ బాడీ తప్ప హెడర్లు కనిపించవు. కాబట్టి గడువు తేదీని బాడీలోనూ ఇస్తున్నాం. గడువు దాటాక 410 ఎర్రర్ (ఇది ఇక లేదని అర్థం), దాంతోపాటు కొత్త టూల్ పేరు వస్తాయి.

కొత్త ఏజెంట్లకైతే పాత టూల్‌ని అసలు చూపించడమే లేదు. ఈ సలహా ఇచ్చినవాళ్లకు థాంక్స్, సగం టెన్షన్ దాంతోనే పోయింది. పాత టూల్ పేరు ప్రాంప్ట్‌లోనే రాసి ఉన్న వర్క్‌ఫ్లోలు కొన్ని మిగిలాయి, వాటిని చేత్తో మారుస్తున్నాం.