బాబుకి ఐదో కాంట్రాస్ట్ ఎంఆర్ఐ, ఆ మందు మెదడులో ఉండిపోతుందా?

చిత్తూరు_అమ్మ:
అందరికీ నమస్తే. మా బాబుకి తొమ్మిదేళ్లు, చిన్నమెదడులో గడ్డ, మెడుల్లోబ్లాస్టోమా అన్నారు, ఆపరేషనూ రేడియేషనూ అయినాయి, ఇప్పుడు సిస్‌ప్లాటిన్ కీమో నడస్తా ఉండాది. మూడు నెలలకొకసారి గడ్డ బాగా కనపడేదానికి నరానికి కాంట్రాస్ట్ మందు వేసి ఎంఆర్ఐ తీస్తారు, వచ్చే వారం ఐదోది. మొన్న చుట్టాలాయన వాట్సాప్‌లో పంపించినాడు, ఆ మందులో గాడోలినియం అనే లోహం ఉంటుందంట, మెదడులో పేరుకుపోతుందంట. చదివినప్పట్నుంచి నిద్ర లేదు. వీడు ముందు ఏడో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు, ఇప్పుడు ఏడు ఆర్లు దగ్గర ఆగిపోయి నా మొహం చూస్తాడు. ఆ మందు వల్లేనా ఇది? ఈసారి కాంట్రాస్ట్ వద్దు అనొచ్చా?

తిరుపతి_టెక్నీషియన్:
అమ్మా, నేను తిరుపతిలో ఎంఆర్ఐ రూంలోనే పని చేస్తా. వాట్సాప్‌లో వచ్చింది పూర్తిగా అబద్ధం కాదు. చాలాసార్లు కాంట్రాస్ట్ వేయించుకున్నవాళ్ల మెదడులో ఒకట్రెండు చోట్ల తెల్లగా కనపడతా ఉందని 2014లో జపాన్ డాక్టర్లు బయటపెట్టినారు, తర్వాత అది గాడోలినియమే అని తేలింది. అయితే అన్ని మందులూ ఒకటి కాదు. లీనియర్ రకంలో లోహాన్ని పట్టుకునే పట్టు వదులుగా ఉంటుంది, మాక్రోసైక్లిక్‌లో పంజరం మాదిరి చుట్టూ మూసేసి ఉంటుంది, అందుకే ఒంట్లో మిగిలేది బాగా తక్కువ. 2017లో యూరప్‌లో గాడోడయమైడ్ లాంటి లీనియర్ మందులు నరానికి ఇవ్వడం ఆపించినారు. అమెరికాలో మందుల్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఆపలేదు, పిల్లలకీ ఎక్కువసార్లు వేయాల్సినవాళ్లకీ ఏ మందు వాడేదీ చూసుకోమని హెచ్చరిక పెట్టింది. కిడ్నీలు బాగుంటే, మెదడులో మిగిలినదాని వల్ల ఫలానా హాని జరిగిందని మాత్రం తేలలేదు. సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీయొచ్చు కదా, అందుకని స్కాన్‌కి ముందు క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎట్లా పని చేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, తప్పకుండా చేయించండి.

పలమనేరు_నాన్న:
అక్కా, మా పాపకీ ఇదే జబ్బు, ట్రీట్‌మెంట్ అయిపోయి నాలుగేళ్లు. ఎక్కాలు మర్చిపోవడం మాకూ జరిగింది. తలకి రేడియేషన్ ఇచ్చిన పిల్లల్లో ఆలోచన నెమ్మదించడం, గుర్తు తగ్గడం ఎప్పట్నుంచో తెలిసిన సంగతే అని మా డాక్టరమ్మ చెప్పినారు, మీ డాక్టర్ని కూడా ముందు అదే అడగండి. మీ అంతట మీరు కాంట్రాస్ట్ వద్దనద్దు అక్కా, గడ్డ మళ్లీ మొలిచినా వెన్నులోకి పాకినా అది లేకుండా చిన్నది కనపడకుండా పోవచ్చు. నాకు మండేది వేరే దానికి. మేము పోయిన ఒక సెంటర్లో ఏ మందు వేసినారని అడిగితే అవన్నీ మీకెందుకు అన్నారు, రిపోర్టులో పేరే లేదు. బిడ్డ నరంలోకి పోయే మందు పేరు మనకెందుకు కాకుండా పోతుంది? అప్పట్నుంచి ఖాళీ సీసా అడిగి లేబుల్ ఫోటో తీసుకుంటా, తేదీ, పేరు, ఎన్ని ఎంఎల్, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తా.

చిత్తూరు_అమ్మ:
అన్నా, ఫైలంతా మంచం మీద పరిచి వెతికినా. మూడు బిల్లుల్లో గాడోటెరేట్ అని ఉండాది, ఆపరేషన్‌కి ముందు తీసిన మొదటిదాంట్లో ఏ పేరూ లేదు.

తిరుపతి_టెక్నీషియన్:
గాడోటెరేట్ మాక్రోసైక్లిక్కే అమ్మా. 20 కిలోల పిల్లోడికి మామూలుగా 4 ఎంఎల్ వేస్తారు. మొదటిదానికి స్కాన్ నంబర్ తీసుకొని పోయి అడగండి, రికార్డులో ఉంటే చెప్పాల్సిందే.

చిత్తూరు_అమ్మ:
సోమవారం పొద్దున క్రియాటినిన్‌కి రక్తం ఇచ్చి అట్నే ఆ సెంటర్‌కి పోతా. నోట్‌బుక్ కొనేసినా, వాడే అట్ట మీద పేరు రాసుకున్నాడు.