మేస్త్రీ సంతకం పెట్టకపోతే కార్మిక కార్డుకు దారేమిటి?

నమస్కారం. నేను బెంగళూరులో సోషల్ వర్క్‌లో పీజీ చదువుతున్నాను. కోర్సులో భాగంగా సర్జాపుర రోడ్డు పక్కన రేకుల షెడ్లలో ఉంటున్న కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల భవన నిర్మాణ కార్మికులతో కలిసి పనిచేస్తున్నాను.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం నుంచి వస్తున్న నిబంధన ప్రకారం, 18 నుంచి 60 ఏళ్ల లోపు వారు, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకుని కార్మిక కార్డు పొందవచ్చు. ఆ మండలి నిధి కోసం భవన నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలవుతుంది కాబట్టి, ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, వీరి కష్టార్జితమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చిక్కంతా ఆ 90 రోజుల రుజువు దగ్గరే వస్తోంది. కూలి చేతికే ఇస్తారు, రసీదు ఉండదు, సంతకం పెట్టమంటే మేస్త్రీ మొహం చాటేస్తున్నాడు. ఇటుకలు మోసే ఒకామె గోడకున్న తెలుగు క్యాలెండరులో పనికి వెళ్లిన తేదీలన్నిటికీ పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టుకుంది. ఆమె దగ్గరున్న ఆధారం అదొక్కటే. గట్టిగా అడిగితే పనిలోంచి తీసేస్తారన్న భయం అందరిలోనూ ఉంది, అది నిజమైన భయమే.

బెంగళూరులో ఇలాంటి నమోదు చేయించిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: మేస్త్రీ ప్రమేయం లేకుండా కార్మిక సంఘం ద్వారా గానీ, కార్మిక శాఖ అధికారి ద్వారా గానీ ధ్రువపత్రం పొందవచ్చా? ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంటే అభ్యంతరం పెడతారా? నా సెమిస్టరు ముగిశాక వీరికి తోడుగా నిలవగల, తెలుగు మాట్లాడే న్యాయ సహాయకులు ఎవరైనా ఉన్నారా?