అప్‌డేట్: ఉబుంటులో గేమ్ నడిచింది, తప్పు డ్రైవర్‌ది కాదు, డ్రైవ్‌ది

పోయిన వారం నేను అడిగింది ఇదీ: ఉబుంటులో (అది లినక్స్‌లో ఒక రకం) గేమ్‌ల యాప్ స్టీమ్ తెరిచి ప్లే నొక్కితే రెండు సెకన్లు ఏదో నడిచినట్టు కనిపించి, మళ్లీ ప్లే బటనే వస్తోంది. ఎర్రర్ కూడా లేదు. చాలామంది గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్, చూడమన్నారు. చూశాను, అది బాగానే ఉంది.

ఆదివారం గుంటూరు నుంచి మా బాబాయి కొడుకు విజయవాడ వచ్చి, "గేమ్ ఏ డ్రైవ్‌లో ఉందిరా?" అని అడిగాడు. విండోస్‌తో కలిపి వాడుకునే డీ డ్రైవ్‌లో పెట్టాను. అది ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లు దాచే విండోస్ పద్ధతి. అక్కడే ఉంది అసలు సంగతి. విండోస్ గేమ్‌ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్, ప్రతి గేమ్‌కీ ఒక ఉత్తుత్తి సీ డ్రైవ్ తయారు చేస్తుంది. అందులో 'సీ:' లాంటి పేర్లతో లింకులు ఉంటాయి. విండోస్‌లో ఫైల్ పేరులో కోలన్ చెల్లదు కాబట్టి, ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద ఇక్కడే తేడా కొడుతుంది.

గేమ్ ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌కి వెళ్లి, ఫోల్డర్‌ని ఎక్స్‌ట్4 (ఫైళ్లు దాచే లినక్స్ పద్ధతి) పార్టిషన్‌కి, అంటే డిస్క్‌లో ఇంకో భాగానికి, మార్చాను. మధ్యలో కరెంటు పోతుందేమోనని ఒకటే టెన్షన్. పోలేదు. మొదటిసారి వల్కన్ షేడర్ల ప్రాసెసింగ్ (గేమ్ బొమ్మలు చూపించడానికి ముందస్తు తయారీ) అని కాసేపు ఆగింది, తర్వాత గేమ్ తెరుచుకుంది! ఆ క్షణం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

తమ్ముడి ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ మాత్రం రాలేదు. దాని యాంటీ-చీట్, అంటే ఆటలో మోసాల్ని పట్టుకునే ప్రోగ్రామ్, విండోస్ కెర్నెల్‌లోనే (సిస్టమ్ అన్నిటికన్నా లోపలి భాగంలో) కూర్చుంటుంది, ప్రోటాన్ దాన్ని నడపలేదు. వాడి కోసం విండోస్ ఉంచేశాను.

ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్స్.